పడవకో బండి కావాలి

2024 సెప్టెంబరు 1. విజయవాడలో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగే చోటే రేవు. ఆ అవతల రోడ్డు లేదు, అంతా నీళ్లే. ముందురోజు కుండపోతకు బుడమేరు వాగు పొంగి, మళ్లింపు కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. రాజరాజేశ్వరిపేట, కండ్రిక, పాయకాపురం, వాంబే కాలనీ మునిగిపోయాయి. డాబాల మీదికెక్కిన జనం పాలప్యాకెట్ కోసం, మంచినీళ్ల సీసా కోసం చేతులూపుతున్నారు. ఇటు కృష్ణ కూడా ఊరుకోలేదు. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. బ్యారేజీ కట్టాక అంత నీరు దాని గేట్ల గుండా ఎప్పుడూ వెళ్లలేదు.

ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన ఊళ్లో ఆ రోజు అన్నిటికన్నా కరువైంది పడవ. జిల్లాల్లో పడవలు లేక కాదు. బందరు పక్కన గిలకలదిండిలో ఉన్నాయి, కాకినాడలో ఉన్నాయి, భవానీ ద్వీపం రేవులోనూ ఉన్నాయి. అవి ఉన్న చోటికీ, మనుషులు మునుగుతున్న చోటికీ మధ్య ఉన్నది రోడ్డు. బోటు రోడ్డు మీద తనంతట తాను నడవదు. మత్స్యకారులు తమ ఫైబర్ బోట్లను లారీలకెక్కించుకుని వచ్చారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు గాలి ఊదే రబ్బరు బోట్లను మడిచి తెచ్చారు. ఎక్కించడానికి క్రేను వెతకాలి, దించడానికి పాతికమంది చేతులు కావాలి. మేడ మీద బాలింతో, డయాలసిస్ రోగో ఎదురుచూస్తున్నప్పుడు ఆ ఒక్కో గంట ఎంత విలువైనదో ఆ వారం సింగ్‌నగర్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

బోటుకు ఇంజిను ఎంత ముఖ్యమో, దాన్ని మోసే బండి కూడా అంతే ముఖ్యం. ఆ బండికి నంబరుండాలి, బ్రేకులుండాలి, బీమా ఉండాలి, అర్ధరాత్రి పిలిచినా రోడ్డెక్కేలా సిద్ధంగా ఉండాలి. ఇంత పెద్ద డెల్టాలో ఈ సంగతి గురించి మనం మాట్లాడుకున్నదే లేదు.

ఒకప్పుడు ఆ అవసరం రాలేదు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకు నీళ్లివ్వడంతో ఆగలేదు, పడవలకు దారులు కూడా అయ్యాయి. ఏలూరు కాలువలో బయల్దేరిన పడవ గోదావరిని అందుకుని కాకినాడ దాకా వెళ్లేది. కొమ్మమూరు కాలువ పట్టుకుంటే బకింగ్‌హాం కాలువలో కలిసి మద్రాసు చేరేది. లాకుల దగ్గర నీటిమట్టం పెంచో తగ్గించో పడవను ఎక్కించేవాళ్లు, దించేవాళ్లు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఇప్పటికీ విజయవాడ నడిబొడ్డున పారుతున్నాయి. కానీ వాటి మీద వంతెనలు కిందికి వచ్చేశాయి, లాకులు మూలపడ్డాయి, సరుకంతా రైలుకూ లారీకీ మళ్లింది. 2008లో ఇదే దారిని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ముక్త్యాల నుంచి విజయవాడ దాకా తొలి దశ అన్నారు. అయినా ఇవాళ బందరు నుంచి బెజవాడకు బోటు రావాలంటే కాలువ గుండా రాదు. గూడూరు, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు మీదుగా అరవై అయిదో నంబరు జాతీయ రహదారి మీద దాదాపు డెబ్బై కిలోమీటర్లు బండెక్కి రావాల్సిందే.

ఆ బండి పుట్టాల్సిన చోటు మన పటమట పక్కనే ఉంది. బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దాటి లోపలికి అడుగుపెడితే చాలు. ఒక షెడ్డులో ఛానెల్ కోస్తుంటారు, పక్క షెడ్డులో కమాను కట్టలు విప్పి పేరుస్తుంటారు, ఎదురుగా లేత్ మీద హబ్బు తిరుగుతుంటుంది, ఆ పక్కన ఎర్రాక్సైడ్ పూసిన కొత్త చాసిస్ ఎండకు ఆరుతుంటుంది. 1960ల నుంచీ లారీ బాడీలు, ట్యాంకర్లు, ట్రాక్టరు ట్రక్కులు కట్టి దేశం మీదికి పంపిన చేతులివి. బోటు ట్రైలర్ వాళ్లకు బ్రహ్మవిద్య కాదు. రెండు నిలువు దూలాలు, యాక్సిలు, బోటు అడుగు ఆనేందుకు రబ్బరు రోలర్లో కార్పెట్ చుట్టిన బల్లలో, ముందు చేతి వించి, వెనక లైట్లు. రెండు వారాల్లో కట్టగలరు. అయితే అలా కట్టిన బండికి నంబరు రాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

మోటారు వాహనాల చట్టం, 1988 చదివితే మొదట ఆశ్చర్యపరిచేది నిర్వచనమే. సొంత ఇంజిను లేకపోయినా ట్రైలర్ కూడా మోటారు వాహనమే అంటుంది చట్టం. అందుకని దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. లాగే కారుకు కాగితాలున్నాయి కదా అంటే కుదరదు. రిజిస్ట్రేషన్ కావాలంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 126వది అడ్డం వస్తుంది. తయారీదారు తన నమూనాను పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి గుర్తింపు పొందిన సంస్థలో పరీక్ష చేయించి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. వేల ట్రైలర్లు అమ్మే కంపెనీకి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఒక్క బోటు కోసం ఒక్క బండి కట్టే షెడ్డుకు అది తలకు మించిన భారం. ఫలితంగా, బోట్లున్న వాళ్లలో చాలామంది నంబరు లేని బండికి రాత్రిపూట బోటు కట్టుకుని కాలం గడిపేస్తుంటారు. వాళ్లను నేను తప్పుపట్టలేను, సమర్థించనూ లేను. దారిలో ఎవరికైనా తగిలితే రిజిస్ట్రేషన్ లేని ట్రైలర్‌కు బీమా లేదు. గాయపడ్డవాడి నష్టపరిహారం బోటు యజమాని మెడకే చుట్టుకుంటుంది. పోయేది ఒక్కోసారి ఇల్లూ పొలమూ కూడా.

కొలతల విషయానికొస్తే చట్టం స్పష్టంగానే ఉంది. 2020 సవరణ తర్వాత బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. అంటే ఎనిమిదిన్నర అడుగులు. విడి లారీ పొడవు 12 మీటర్లు, ట్రాక్టరూ ట్రైలరూ కలిపితే 18.75 మీటర్లు. గూడ్సు బండి ఎత్తు మామూలుగా 4 మీటర్లు. అమెరికాలో కూడా రోడ్డు మీద అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులే. అక్కడి కంపెనీలు ట్రైలర్ మీద లాక్కెళ్లే బోట్లను ఆ కొలతకే కడతాయి. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో శనివారం పొద్దున కారు వెనక బోటు తగిలించుకుని చెరువుకెళ్లే మనవాళ్లు దాన్ని గమనించే ఉంటారు. అంటే పడవ వెడల్పును నిర్ణయించేది నీళ్లు కాదు, రోడ్డు. మనదగ్గర కొత్తగా బోటు కొనేవాళ్లు గానీ, టెండరు పిలిచే శాఖలు గానీ మొదట చూసుకోవాల్సిన అంకె ఇదే.

వెడల్పు సరిపోయినా వెనక తిప్పలుంటాయి. ఇనుప చువ్వలు లారీ వెనక బయటికి పొడుచుకొచ్చి వెనకొచ్చే వాళ్ల ప్రాణాలు తీస్తుంటే, సరుకు ఒక మీటరు దాకా వెనక్కి పొడుచుకు రావచ్చన్న వెసులుబాటును 2014లో తీసేశారు. చివర్లో ఎర్రగుడ్డ కట్టేస్తే సరిపోతుందన్నది ఇప్పటికీ మన డ్రైవర్ల నమ్మకం. చట్టం దాన్ని ఒప్పుకోదు. బోటు విషయంలో ఇది ఇంజినుకు వర్తిస్తుంది. అవుట్‌బోర్డు మోటారు పైకెత్తి కడితే దాని కాలూ ప్రొపెల్లరూ బోటు వెనక రెండు మూడడుగులు బయటికొస్తాయి. అంటే మూడు రెక్కల కత్తి. బోటు పొడవుకు బండి కట్టిస్తే చాలదు, ఇంజినుతో కలిపి కొలిచి దానికన్నా పొడుగ్గా కట్టించాలి. సరుకు పక్కలకో, ముందుకో, వెనక్కో, ఎత్తులోనో హద్దు దాటితే 2019లో చేర్చిన 194(1ఏ) సెక్షన్ కింద 20 వేల రూపాయల జరిమానా, సరుకు దించే ఖర్చు అదనం. సరిచేసేదాకా బండిని కదలనివ్వరు. బరువు మించితే మరో 20 వేలు, పైన ప్రతి టన్నుకూ 2 వేలు.

లారీలో వేసుకెళ్లడం సులువు కదా అంటారు. చిన్న బోటుకు సులువే. బాడీ లోపల పూర్తిగా ఇమిడితే చట్టానికి అభ్యంతరం లేదు. ఊళ్లల్లో ట్రాక్టరు ట్రక్కులోకి నావను ఎత్తుకుని చెరువుకు తీసుకెళ్లడం మనకు కొత్తకాదు. అయితే వ్యవసాయం పేరు మీద నంబరు తీసుకున్న ట్రక్కులో కిరాయికి బోటు మోస్తే అది వేరే లెక్క, రవాణా శాఖ ఆపితే జవాబు చెప్పుకోవాలి. ఇరవై అయిదడుగులు దాటిన మోటారు బోటును ఎత్తాలంటే క్రేను కావాలి. బెల్టు ఎక్కడ వేయాలో తెలియని క్రేనువాడి చేతిలో ఫైబర్ అడుగు పగిలే ప్రమాదం ఉంది. ట్రైలర్ అయితే బండినే నీళ్లలోకి దింపుతారు, బోటు దానంతట అదే తేలుతుంది. పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల వెనక ఉన్న పనితనం గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ప్రాణాలు పోయేదీ ఇక్కడే. మొదట బరువు. బోటు కాగితం మీద రాసి ఉండే బరువు ఉత్త డొప్పది. దానికి ఇంజిను కలపాలి. 150 గుర్రాల ఫోర్‌స్ట్రోక్ మోటారు ఒక్కటే రెండు వందల కిలోల పైమాట. వంద లీటర్ల పెట్రోలు పోస్తే మరో 75 కిలోలు. అడుగున నిలిచిన వాననీళ్లు ఎన్ని లీటర్లుంటే అన్ని కిలోలు. ఆ పైన బండి సొంత బరువు. ట్రైలర్లను మన నిబంధనలు బరువును బట్టి 750 కిలోల లోపు, మూడున్నర టన్నుల లోపు, పది టన్నుల లోపు, ఆ పైన అని నాలుగు తరగతులు చేశాయి. బరువు పెరిగిన కొద్దీ బండికి సొంత బ్రేకులుండాలి. కారు బ్రేకులు కారుకే చాలతాయి, వెనక రెండు టన్నులు తోస్తుంటే ఆగవు. లాగే వాహనం ఎంత లాగగలదో తయారీ కంపెనీ చెప్పిన అంకెను దాటకూడదు. వెనక కొక్కెం బిగించడం కూడా వాహనంలో మార్పే. చట్టంలోని 52వ సెక్షన్, దాని మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుపెట్టుకుని ఆర్టీఓ ఆఫీసులో ముందే కనుక్కోవడం మంచిది.

తర్వాత బరువు ఎక్కడ ఆనుతోందన్నది. మొత్తం బరువులో అయిదు నుంచి పది శాతం ముందు కొక్కెం మీద పడాలి. రెండు టన్నుల బండయితే వంద నుంచి రెండు వందల కిలోలన్నమాట. బోటు నాలుగు వేళ్లు వెనక్కి జరిగినా ఇంజిను బరువుకు వెనకభాగం కుంగుతుంది, కొక్కెం పైకి లేస్తుంది. అరవై కిలోమీటర్ల వేగం దాటగానే ట్రైలర్ ముకుతాడు తెగిన కోడెలా అటూ ఇటూ కొట్టుకోవడం మొదలెడుతుంది. అప్పుడు బ్రేకు తొక్కితే పడిపోతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీయడమొక్కటే దారి. ముందున్న వించి తాడు బోటును బండి మీదికి లాగడానికే, ప్రయాణంలో ఆపడానికి కాదు. వెనక రెండు మూలలకూ రెండు బెల్టులు, ముందు ఒక గొలుసు, కొక్కెం దగ్గర ఊడిపోతే పట్టుకునేందుకు అడ్డంగా వేసిన రెండు రక్షణ గొలుసులు ఉండాలి.

నీళ్ల దగ్గరికి వచ్చాక చాలామంది తొందరపడతారు. డెబ్బై కిలోమీటర్లు తిరిగిన చక్రాల హబ్బులు వేడెక్కి ఉంటాయి. అలాగే చల్లటి నీళ్లలోకి దించితే లోపలి గాలి ముడుచుకుపోయి, సీలు గుండా నీళ్లను బేరింగుల్లోకి పీల్చేస్తుంది. గ్రీజు పాలలా తెల్లబడుతుంది. నెల తర్వాత ఎక్కడో పామర్రు దగ్గర చక్రం బిగుసుకుపోతుంది. బండి ఆపి హబ్బు మీద చెయ్యి పెట్టి చూడాలి, చెయ్యి ఆన్చగలిగేంత చల్లబడ్డాకే దించాలి. దించేముందు లైట్ల తీగ ఊడదీయాలి. బోటు అడుగు బిరడా బిగించారో లేదో చూసుకోవాలి. ఈ పద్ధతి ఎవరికీ వంశపారంపర్యంగా రాదు, నేర్పిస్తేనే వస్తుంది.

ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు దాటిన బోటుకు సామాన్య నియమాలు చాలవు. దాన్ని రోడ్డు రవాణా భాషలో ఓడీసీ అంటారు, అంటే కొలత మీరిన సరుకు. జాతీయ రహదారుల మీద అలాంటి సరుకుకు కేంద్ర రహదారి రవాణా శాఖ ఆన్‌లైన్‌లో అనుమతి ఇస్తుంది. దారి, వంతెనలు, బండి ఇరుసుల మీద పడే బరువు, అన్నీ ముందే చెప్పాలి. జాతీయ రహదారి నుంచి దిగి ఊళ్లోకి రాగానే వేరే కష్టాలు. పటమట సందుల్లో తలెత్తితే కేబుల్ టీవీ తీగలు, కరెంటు తీగలు. రైలు కట్టల కింద దారులు తక్కువెత్తు. బోటు పైకప్పు మడిచే వీలుండాలి, లేదంటే విప్పి విడిగా తేవాలి.

నేల మీద పెద్ద సరుకును భద్రంగా నడిపించడం తెలుగువాళ్లకు చేతకాక కాదు. రాయగిరిలో చెక్కిన బుద్ధ విగ్రహాన్ని 192 చక్రాల బండి మీద హైదరాబాద్ తెచ్చారు, రోడ్డు మీద భద్రంగానే వచ్చింది. 1990 మార్చి 10న హుస్సేన్‌సాగర్‌లో, నీళ్ల మీదికి మారిన కాసేపటికే పంటు ఒరిగి విగ్రహం మునిగింది, మనుషులు చనిపోయారు. రోడ్డునూ నీటినీ కలిపే ఆ చివరి వంద గజాల్లో ఎంత జాగ్రత్త కావాలో అంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. 1992 డిసెంబరులో గానీ విగ్రహం పైకి రాలేదు.

మన బ్యారేజీ దగ్గర జరిగింది దానికి తిరగబడ్డ కథ. 2024 వరదలో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ ఇనుప పడవలు గేట్లకు గుద్దుకున్నాయి. 67, 69, 70 గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో కౌంటర్ వెయిట్లు రోజుల్లో మార్చగలిగారు గానీ, పడవలను తీయడానికి వారాలు పట్టింది. భారీ క్రేన్లు తెచ్చినా మొదట కదల్లేదు. మునిగిన పడవలు తీసే అబ్బులు బృందం కాకినాడ నుంచి రావాల్సి వచ్చింది. అంతటి ఇనుప పడవ ట్రైలర్ మీద రాదు, నిజమే. కానీ వరద హెచ్చరిక రాగానే ఒడ్డెక్కించాల్సిన పడవలు ఏవి, లంగరుకు వదిలేయాల్సినవి ఏవి, ఒడ్డెక్కించడానికి దారేది అనే లెక్క ఎవరి దగ్గరా లేకపోతే బ్యారేజీకే ముప్పు వస్తుందని ఆ వారం తేలింది. 2021 నాటి అంతర్గత జల నౌకల చట్టం మరపడవలన్నిటికీ రిజిస్ట్రేషనూ తనిఖీ తప్పనిసరి చేసింది. పడవ జాబితా ఒక శాఖ దగ్గరుంటుంది, దాన్ని మోసే బండి జాబితా ఇంకో శాఖ దగ్గరుంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు కావాలి.

ఆపద వచ్చినప్పుడు చట్టం చేతులు కట్టేయదు. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 65వ సెక్షన్ కింద జిల్లా యంత్రాంగం ఎవరి లారీనైనా, బండినైనా సహాయక పనులకు స్వాధీనం చేసుకోవచ్చు. అయితే స్వాధీనం చేసుకోవడానికి బండంటూ ఉండాలిగా. దేశవ్యాప్త విపత్తు సామగ్రి జాబితాలో మన జిల్లా నుంచి ఎన్ని బోట్లున్నాయో రాస్తే చాలదు. ఎన్ని బోట్లకు నంబరున్న ట్రైలర్ ఉంది, దాన్ని లాగే వాహనం ఏది, నడిపేదెవరు, ఫోన్ నంబరేది అన్నవి కూడా రాయాలి. మన గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ ఉంది, నేర్పించేవాళ్లకు కొదవలేదు.

ఆటోనగర్ షెడ్ల సంగతికి వస్తే, ఒక్కొక్కరూ పుణె వెళ్లి పరీక్ష చేయించుకోలేరు. కానీ మూడున్నర టన్నుల లోపు బోటు ట్రైలర్‌కు ఒకే నమూనా గీయించి, రాష్ట్రమో సంఘమో ఖర్చు పెట్టుకుని ఒక్కసారి ఆమోదం తెస్తే, ఆ ఆమోదం పొందిన తయారీ కింద ఇక్కడే బండ్లు కట్టించవచ్చు. కాకినాడ నుంచి కృష్ణపట్నం దాకా ప్రతి చేపల రేవుకూ రెండు చొప్పున ఇచ్చినా మన షెడ్లకు పెద్ద పనేం కాదు.

ఇంకొకటి మిగిలింది, దించే చోటు. దుర్గాఘాట్, పద్మావతి ఘాట్, కృష్ణవేణి ఘాట్, సీతానగరం ఘాట్, ఇవన్నీ స్నానాల కోసం తీర్చిదిద్దినవి. 2016 పుష్కరాలకు వాటిని అందంగా కట్టారు. మెట్లు భక్తులకు బాగుంటాయి, చక్రాలకు పనికిరావు. బోటు ట్రైలర్ దిగాలంటే ఏడడుగులకో ఎనిమిదడుగులకో ఒక అడుగు చొప్పున దిగే గరుకు కాంక్రీటు వాలు కావాలి. అది నీటిమట్టం తగ్గినప్పుడు కూడా నీళ్లలోకి అందేంత పొడుగుండాలి. పైన లారీ వెనక్కి తిరిగేంత జాగా, అంచున బోటు కట్టేందుకు ఇనుప గుంజలు ఉండాలి. 2028లో మళ్లీ కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల నమూనాలు గీసేటప్పుడు ఒక్కో ఘాటు పక్కన పదిహేనడుగుల వెడల్పున మెట్లు మానేసి వాలు వేస్తే చాలు. ఆ గీత ప్లాను కాగితం మీద ఉండగానే పడాలి, కాంక్రీటు పోశాక అడిగితే ఎవరూ కొట్టి మళ్లీ కట్టరు.